‘ఏ హేతువుచేతనైనను’: విడాకుల వచనాలను హీబ్రూ, గ్రీకుల్లో చదివితే

అందరికీ వందనాలు.

నాకిచ్చిన టాపిక్ "విడాకుల గురించి బైబిల్ ఏం చెబుతుంది". పోస్టర్ మీద కూడా అలాగే వేశారు. అంత పెద్ద మాట నేను మోయలేను కాబట్టి కొంచెం కుదించుకున్నాను. ద్వితీయోపదేశకాండం 24, మలాకీ 2, మత్తయి 19, మొదటి కొరింథీ 7, ఈ నాలుగు చోట్ల మూలభాషలో ఏముంది, ఆ మాటలు అప్పటివాళ్ల చెవికి ఎలా వినబడేవి, ఇంతవరకే ఈ సాయంత్రం. హీబ్రూ, గ్రీకు అనగానే టెన్షన్ పడకండి. గట్టిగా చూస్తే పదో పన్నెండో పదాలు, అంతే.

ఒకటి ముందే చెప్పేస్తాను, అభిప్రాయం దాచుకుని మాట్లాడటం నాకు చేతకాదు. ఈ వచనాలు పుట్టిన కాలంలో ఇంట్లోంచి పంపించేసే అధికారం దాదాపు మొగుడి చేతిలోనే ఉండేది. ఈ మాటల్లో ఎక్కువ భాగం ఆ చేతిని పట్టుకుని ఆపడానికి పుట్టినవి. మనం వాటిని ఎవరికి చదివి వినిపిస్తున్నాం? దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన అమ్మాయికి. "దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుపరచకూడదు" అని చెప్పి, ప్రార్థన చేసి, అదే ఇంటికి మళ్లీ బస్సెక్కించి పంపిస్తున్నాం. ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు ఈ మాట రుచించకపోవచ్చు. గంట ఓపిక పట్టండి, తర్వాత తిడుదురు గాని.

బైబిళ్లు తెరవండి. ద్వితీయోపదేశకాండం 24, మొదటి నాలుగు వచనాలు.

మన పాత తెలుగు అనువాదంలో మొదటి వచనం ఎలా ముగుస్తుందో చూడండి. భార్యలో ఏదో కనబడి ఇష్టం తప్పితే, పరిత్యాగ పత్రం రాయించి ఆమె చేతికిచ్చి "పంపివేయవలెను" అని ఉంది. "వలెను" అంటే ఆజ్ఞ. ఇష్టం తప్పిందా, పంపేయాలి, దేవుడే చెప్పాడు, అన్నట్టు వినబడుతుంది. ఇంగ్లిష్‌లో 1611 నాటి కింగ్ జేమ్స్ కూడా ఇదే దారి పట్టింది. కానీ ఇప్పటి హీబ్రూ పండితుల్లో ఎక్కువమంది ఆ వాక్యాన్ని అలా చదవరు. హీబ్రూలో మొదటి మూడు వచనాలూ కలిపి ఒకే పొడుగాటి షరతు. ఒకడు పెళ్లి చేసుకుని, ఆమె నచ్చక, పత్రం రాసిచ్చి పంపేసి, ఆమె వెళ్లి ఇంకొకరిని చేసుకుని, ఆ రెండోవాడు కూడా పత్రం రాసిచ్చి పంపేస్తే, లేదా వాడు చచ్చిపోతే... ఇక్కడిదాకా "అయితే, అయితే" అని సాగుతూనే ఉంటుంది. అసలు క్రియ వచ్చేది నాలుగో వచనంలో: మొదటి మొగుడు ఆమెను మళ్లీ తెచ్చుకోకూడదు. ఈ చట్టంలో ఉన్న ఆజ్ఞ అదొక్కటే. విడాకులివ్వమని మోషే ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. లోకంలో అప్పటికే నడుస్తున్న పనిని తీసుకుని, దాని చివర ఒక గేటు పెట్టాడు.

ఆ గేటు ఎందుకు పెట్టాడన్నదాని మీద పండితులు ఒక్క మాట మీద లేరు. కొందరు ఆచారశుద్ధి అంటారు, కొందరు ఆస్తి సంగతి అంటారు, రెండో పెళ్లి వల్ల ఆమెకు ఏదైనా దక్కితే దానికోసం మొదటివాడు తిరిగి రాకుండా అని. నాకు నచ్చేది ఇంకా సాదాగా ఉంటుంది: ఒకసారి పంపేసినవాడికి ఆమె మీద ఇక హక్కు లేదు, ఆమె ఇటూ అటూ మార్చుకునే సరుకు కాదు.

ఇప్పుడు ఆ పత్రం. హీబ్రూలో "సేఫెర్ కెరితూత్", తెగతెంపుల పత్రం. కెరితూత్ వచ్చింది "కోయడం, తెంచడం" అనే ధాతువు నుంచి. మనం పరిత్యాగ పత్రం అనగానే మన కళ్లకు కనిపించేది ఇల్లు వదిలి ఏడుస్తూ వెళ్తున్న మనిషి. కానీ ఆ రోజుల్లో ఆ కాగితం లేకుండా గెంటేసిన ఆడదాని గతి ఏమిటో ఆలోచించండి. మొగుడు వద్దన్నాడు, అయినా ఇంకా వాడి భార్యే. ఎవరైనా చేసుకుంటే అది వ్యభిచారం, దానికి మరణశిక్ష. పత్రం చేతిలో ఉంటే ఆమె స్వతంత్రురాలు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో, అంటే యూదు రబ్బీల చట్టాల సంకలనంలో, విడాకుల పత్రాల మీదే ఒక భాగం ఉంది, గిట్టీన్ అని. ఆ పత్రంలో అసలు మాట ఏదయ్యా అంటే, "ఇదిగో, నువ్వు ఏ మనిషినైనా చేసుకోవచ్చు" అన్న మాటే అని అందులో తేల్చి చెప్పారు. అది ఉత్త సిద్ధాంతం కాదు. మృతసముద్రం దగ్గర వాదీ మురబ్బాత్ గుహల్లో నిజమైన విడాకుల పత్రం ఒకటి దొరికింది, అరామిక్‌లో. మసదా కోటలో రాసింది, నక్సాన్ కొడుకు యోసేపు యోనాతాను కూతురు మిర్యాముకు ఇచ్చాడు. అందులోనూ అదే మాట: నీకు నచ్చిన యూదుడికి భార్యవు కావచ్చు. యూదుల చెవిలో విడాకుల పత్రం అంటే మళ్లీ పెళ్లికి అనుమతి పత్రమే. "విడాకులు సరే, కానీ మళ్లీ పెళ్లికి వీల్లేదు" అని ఈ రోజు మనం వాదించుకునే మధ్యస్థితి వాళ్ల చట్టంలో లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పౌలు దగ్గర అవసరమవుతుంది.

కష్టమైన మాట ఇంకా చెప్పలేదు. ఆమెలో ఏదో కనబడితే అన్నారు కదా, ఆ "ఏదో" ఏమిటి? హీబ్రూలో "ఎర్వత్ దావార్". ఎర్వా అంటే నగ్నత్వం, సిగ్గుపడే భాగం. దావార్ అంటే విషయం, సంగతి. "ఒక సంగతి తాలూకు నగ్నత్వం" అని అక్షరాలా వస్తుంది, హీబ్రూ వచ్చినవాళ్లకు కూడా అది వింతగానే ఉంటుంది. మన అనువాదకులు "మానభంగసూచన" అన్నారు, దాంతో మన మనసు నేరుగా అక్రమ సంబంధం మీదికి పోతుంది. అయితే రెండు అధ్యాయాల ముందు, 22:22లో, వ్యభిచారానికి శిక్ష విడాకులు కాదు, చావు. కాబట్టి ఇక్కడ ఉన్నది వ్యభిచారం అనుకుంటే లెక్క కుదరదు. ఇంకా సరదా ఏంటంటే, ఈ "ఎర్వత్ దావార్" సరిగ్గా ఒక్క అధ్యాయం ముందు కూడా వస్తుంది, 23వ అధ్యాయంలో. అక్కడ విషయం ఏమిటో తెలుసా? సైన్యం పాళెంలో మలవిసర్జన! పాళెం బయటికి వెళ్లాలి, చిన్న పారలాంటిది పట్టుకెళ్లి గుంట తవ్వి కప్పాలి, ఎందుకంటే దేవుడు పాళెంలో తిరుగుతాడు, ఆయనకు "ఎర్వత్ దావార్" కనబడకూడదు. (నవ్వులు) నవ్వకండి, లేఖనమే. అంటే ఈ మాటకు అర్థం "చూడటానికి అసహ్యమైనది, తగనిది" అన్నంత విశాలంగా ఉంది. అంతకన్నా బిగించి చెప్పడానికి ఆధారం లేదు.

ఇంత వదులుగా ఉన్న మాట వకీళ్ల చేతిలో పడితే ఏమవుతుంది? అదే అయింది. షమ్మయి, హిల్లేలు అని యూదు ధర్మశాస్త్రం నేర్పే రెండు బడులు, యేసు కాలానికి కాస్త ముందు మొదలైనవి. షమ్మయి బడివాళ్లు "ఎర్వా" అన్న మాట మీద బరువేశారు: సిగ్గుమాలిన పని ఉంటేనే విడాకులు. హిల్లేలు బడివాళ్లు "దావార్" మీద బరువేశారు: ఏ సంగతైనా చాలు, కూర మాడ్చినా చాలు. కూర మాట నేను కల్పించలేదు, మిష్నా గిట్టీన్ చివరి పేరాలో ఉంది, వంట చెడగొడితే అని. ఆ తర్వాత తరంలో రబ్బీ అకీబా ఇంకో మెట్టు పైకెక్కాడు: ఆమె కన్నా అందగత్తె కనబడినా చాలు, ఎందుకంటే "ఆమె అతని దృష్టికి నచ్చకపోతే" అని రాసి ఉంది కదా. లేఖనాన్ని అక్షరాలా పట్టుకుంటే ఎక్కడికి చేరవచ్చో చూశారా. హిల్లేలు వాళ్లంతా దుర్మార్గులని మాత్రం అనుకోవద్దు. కారణం బయటపెట్టాల్సిన పని లేకపోతే ఆడదాని పరువు వీధిన పడదు, అదొక కోణం. కానీ పెన్ను మాత్రం మొగుడి చేతిలోనే ఉంది.

ఇప్పుడు మత్తయి 19:3. పరిసయ్యులు వచ్చి అడిగింది ఏమిటి? "విడాకులు న్యాయమా" అని కాదు. "ఏ హేతువుచేతనైనను పురుషుడు తన భార్యను విడనాడుట న్యాయమా?" గ్రీకులో "కతా పాసాన్ ఐతియాన్". ప్రతి కారణానికీ, ఏ కారణానికైనా. ఇది ఏమీ తెలియని అమాయకపు ప్రశ్న కాదు, ఊరంతా నడుస్తున్న గొడవలో "మీరు హిల్లేలు పక్షమా, షమ్మయి పక్షమా" అని అడగడం. అదే శతాబ్దంలో యోసేపస్ అనే యూదు చరిత్రకారుడు మోషే చట్టాన్ని వివరిస్తూ, ఎలాంటి కారణాల మీదనైనా భార్యను విడిచిపెట్టాలనుకునేవాడు, మనుషుల్లో అలాంటివి చాలానే ఉంటాయి, అని మామూలుగా రాసుకుపోతాడు. తన జీవితకథలో ఇంకా మామూలుగా చెబుతాడు: నా భార్య నడవడి నచ్చక పంపేశాను, ముగ్గురు పిల్లల తల్లి. అంతే, ఒక్క వాక్యం. ఆ తల్లి ఎటు పోయిందో ఆయన రాయలేదు.

ఈ నేపథ్యం పక్కనపెట్టి చదివితే, "దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుపరచకూడదు" అన్న యేసు జవాబు "విడాకులు ఉండొచ్చా లేదా" అన్న సాధారణ ప్రశ్నకు చెప్పినట్టు ఉంటుంది. దీన్ని పట్టుకుని చదివితే, "కూర మాడిందని పంపేయొచ్చా" అని అడిగినవాళ్లకు చెప్పినట్టు ఉంటుంది. రెంటికీ చాలా తేడా ఉంది. జవాబు అప్పటికీ గట్టిదే, దాన్ని పలచన చేయడం నా ఉద్దేశం కాదు. ఎంత గట్టిదంటే శిష్యులే "అలాగైతే పెళ్లి చేసుకోకపోవడమే మంచిది" అన్నారు. ఆ మాట అన్నది మగవాళ్లు, గమనించండి. వాళ్ల చేతిలోని సౌకర్యం పోతోంది మరి.

ఏడు, ఎనిమిది వచనాల దగ్గర కాస్త ఆగుదాం, ఇది నాకు చాలా ఇష్టమైన చోటు. పరిసయ్యులు "మోషే ఎందుకు ఆజ్ఞాపించెను" అని అడుగుతారు. గ్రీకు క్రియ "ఎనెతేయిలాతో", ఆజ్ఞ. యేసు జవాబులో క్రియ మారుస్తాడు: "ఎపెత్రెప్సెన్", అనుమతించాడు, ఒప్పుకున్నాడు. అంటే ద్వితీయోపదేశకాండం 24 ఎలా చదవాలి అన్న వాదం సరిగ్గా ఇక్కడే నడుస్తోంది. వాళ్లు "పంపేయాలి" అని చదువుతున్నారు, ఈయన "పంపేస్తే" అని చదువుతున్నాడు. మన తెలుగు పాతనిబంధనలో "పంపివేయవలెను" అని అచ్చువేసుకుని, తెలియకుండానే పరిసయ్యుల పక్షాన నిలబడ్డాం. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎనిమిదో వచనం తెలుగులో "మోషే సెలవిచ్చెను" అని ఉంటుంది. సెలవివ్వడం అంటే అనుమతి ఇవ్వడం, అనువాదకులు సరిగ్గానే రాశారు. కానీ బైబిల్ తెలుగులో "యెహోవా సెలవిచ్చుచున్నాడు" అని వందలసార్లు చదివిన మన చెవికి "సెలవిచ్చెను" అంటే "చెప్పెను" అని వినబడుతుంది. దాంతో ఏడో వచనంలో ఆజ్ఞాపించాడు, ఎనిమిదో వచనంలో చెప్పాడు, రెండూ ఒకటే కదా అని దాటిపోతాం. యేసు మార్చిన మాట అక్కడ మాయమైపోతోంది. మార్కు 10లో ఈ మాటలే తిరగబడి ఉంటాయి, మోషే ఏమి ఆజ్ఞాపించాడని యేసు అడుగుతాడు, అనుమతించాడని వాళ్లు అంటారు. ఇంటికెళ్లాక రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి.

ఇంకో మాట, మత్తయి 19 ఆరో వచనంలో "వేరుపరచకూడదు". గ్రీకులో అది "వేరుపరచకుండును గాక" అనే తీరు ఆజ్ఞ. వేరుపరచడం అసాధ్యం అని అక్కడ లేదు, చేయవద్దు అని ఉంది. చేయగలిగిన పనినే కదా వద్దంటారు. పెళ్లి అంటే ఏం జరిగినా తెగని ముడి అని ఈ వచనం చూపించి చెప్పేవాళ్లు, ఆ క్రియ మోయలేని బరువు దాని మీద పెడుతున్నారు.

సరే, ఇప్పుడు మీరంతా ఎదురుచూస్తున్న మాట. పోర్నేయా.

మత్తయి 5:32, "వ్యభిచారకారణమునుబట్టి గాక". 19:9లోనూ అంతే. తెలుగులో ఆ వాక్యం చదవండి: వ్యభిచారకారణం గాక విడనాడితే ఆమెను వ్యభిచారిణిగా చేస్తున్నాడు, ఆమెను పెళ్లాడినవాడు వ్యభిచరిస్తున్నాడు. మూడుసార్లు ఒకటే మాట. గ్రీకులో ఒకటే మాట కాదు. మొదటిది పోర్నేయా, మిగిలిన రెండూ మొయిఖేయా వైపు మాటలు. మొయిఖేయా అంటే కచ్చితంగా వివాహబంధాన్ని మీరిన సంబంధం. పోర్నేయా అంతకన్నా పెద్ద గొడుగు, తగని లైంగిక సంబంధాలన్నీ దానికింద పడతాయి. రెండూ వేరని మన అనువాదకులకు తెలియక కాదు. మత్తయి 15:19లో ఈ రెండు పదాలూ పక్కపక్కనే ఉన్నాయి, అక్కడ "వ్యభిచారములు వేశ్యాగమనములు" అని విడదీశారు. మొదటి కొరింథీ 5లో తండ్రి భార్యను ఉంచుకున్నవాడి సంగతి వచ్చినప్పుడు అదే పోర్నేయాకు "జారత్వము" అన్నారు. ఒకే గ్రీకు పదం, తెలుగులో మూడు వేషాలు. విడాకుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వ్యభిచారంతో కలిపేశారు. ఫలితం? "భర్తకు వేరే ఆడదానితో సంబంధం ఉందని రుజువుందా? లేదా? అయితే సర్దుకుపో" అని సంఘం కమిటీలో అడిగే ప్రశ్న.

పోర్నేయా అంటే అక్కడ ఏమిటన్నదానికి మూడు జవాబులు వినబడుతుంటాయి. ఒకటి, లేవీయకాండం 18లో నిషేధించిన దగ్గరి రక్తసంబంధపు పెళ్లిళ్లు. కొరింథులో ఆ వాడుక ఉంది కాబట్టి ఇది గాలిమాట కాదు. రెండు, నిశ్చితార్థం కాలంలో జరిగిన తప్పు. మత్తయి 1:19లో మరియను "విడనాడ" తలచిన యోసేపును గుర్తుచేసుకోండి, అక్కడున్నది విడాకులకు వాడే క్రియే, "అపోల్యువో". ఇంకా కాపురానికే రాలేదు, అయినా అతన్ని "ఆమె భర్త" అన్నారు. మూడు, షమ్మయి మాట. 5:32లో గ్రీకు "లోగోస్ పోర్నేయాస్" అని ఉంది, అక్షరాలా "పోర్నేయా సంగతి". హీబ్రూలో షమ్మయి బడివాళ్లు ఎర్వత్ దావార్‌ను తిప్పి "దెవార్ ఎర్వా", ఎర్వా సంగతి, అన్నారు. రెండూ అచ్చు గుద్దినట్టున్నాయి. నన్నడిగితే మూడోదే బలంగా ఉంది, ఎందుకంటే అడిగిన ప్రశ్న ఆ గొడవలోంచే వచ్చింది. ఇలా చదివితే యేసు కొత్తగా విడాకుల కారణాల జాబితా ఒకటి తయారుచేసి ఇవ్వడం లేదు. ద్వితీయోపదేశకాండంలోని ఆ ఒక్క మాటకు "ఏ హేతువైనా" అని అర్థం లాగకండి అంటున్నాడు.

మరి జాబితాలో లేనివాటి సంగతి? నిర్గమకాండం 21:10 చూడండి. "ఆహారమును వస్త్రమును సంసార ధర్మమును" తక్కువ చేయకూడదు, ఈ మూడూ జరపకపోతే ఆమె ఏమీ ఇవ్వకుండానే విడిపించుకుని వెళ్లిపోవచ్చు. ఆ వచనం దాసిగా వచ్చిన భార్య గురించి. దాసికే ఇన్ని హక్కులుంటే పెళ్లాడి తెచ్చుకున్నదానికి ఉండవా అని రబ్బీలు దాన్ని భార్యలందరికీ వర్తింపజేశారు, మిష్నాలో వారానికి ఎంత ధాన్యం, ఎన్ని బట్టలు అన్నది కూడా లెక్క కట్టారు. దీని మీద హిల్లేలు, షమ్మయి బళ్లు కొట్టుకున్నది వివరాల దగ్గరే తప్ప మూలసూత్రం దగ్గర కాదు. యేసును దీని గురించి ఎవరూ అడగలేదు. అడగనిదానికి ఆయన ఏమీ అనలేదు కాబట్టి దాన్ని కొట్టేశాడని కొందరంటారు, ఒప్పుకున్నాడని కొందరంటారు. మౌనం మీద సిద్ధాంతం కట్టడం నాకు రెండువైపులా భయమే, కాకపోతే మొదటివాళ్ల భయంలేనితనం నన్ను ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది.

మార్కు సంగతి ఒక నిమిషంలో దాటేస్తాను. అక్కడ మినహాయింపు మాట లేదు, పైగా 10:12లో భార్య భర్తను విడనాడితే అని ఉంది. యూదుల్లో ఆడది పత్రం పంపే పద్ధతి లేదు కదా అంటారు. మామూలుగా లేదు, రాజకుటుంబాల్లో ఉంది. హేరోదు చెల్లెలు సలోమే తన మొగుడు కోస్తోబారుకు తనే పత్రం పంపిందని, అది యూదుల చట్టం కాదని యోసేపస్ రాశాడు. ఇక హేరోదియ మొదటి మొగుణ్ని వదిలి గలిలయను ఏలిన హేరోదు అంతిపాతో వెళ్లింది, అది తప్పన్నందుకు యోహాను తల పోయింది. ఈ ప్రశ్న యేసును అడిగింది యొర్దాను అవతలి ప్రాంతంలో, అది ఆ అంతిపా ఏలుబడిలోకి వచ్చే చోటు. కాబట్టి అది పరీక్షే కాదు, పోలీస్ కేసు పెట్టించే ప్రశ్న కూడా.

మలాకీ 2:16. "భార్యను పరిత్యజించుట నాకసహ్యమైన క్రియ". మన పాస్టర్లు ఎక్కువగా వాడే వచనం ఇదేనేమో. హీబ్రూలో ఇది మొత్తం పాతనిబంధనలోనే చిక్కుపడ్డ వాక్యాల్లో ఒకటి. ఉన్నదున్నట్టు చదివితే "కీ సానే శల్లఖ్": ఎందుకంటే అతడు ద్వేషించాడు, పంపివేయడం... "నేను ద్వేషిస్తున్నాను" అని ఉత్తమపురుషలో లేదు. సానే అంటే "అతడు ద్వేషించాడు". ఎవరు, దేవుడా, మొగుడా? పాత గ్రీకు అనువాదం "నువ్వు ద్వేషించి పంపివేస్తే" అంది. మృతసముద్రపు చుట్టల్లో, క్రీస్తుకు ముందు 2వ శతాబ్దం నాటి ప్రతిలో, "ద్వేషిస్తే పంపేయి" అన్నట్టుగా ఉంది! మిష్నా మీద తర్వాత వచ్చిన వ్యాఖ్యానం తాల్ముదులో ఇద్దరు రబ్బీలు సరిగ్గా దీని మీదే కొట్టుకుంటారు. ద్వేషిస్తే పంపేయి అని రబ్బీ యెహూదా, పంపేసేవాడు ద్వేషింపబడినవాడు అని రబ్బీ యోహానాను. ఎన్ఐవి అనే ఇంగ్లిష్ బైబిల్ అనువాదం 1984లో "నేను విడాకులను ద్వేషిస్తున్నాను" అని వేసి, 2011లో "భార్యను ద్వేషించి విడిచిపెట్టేవాడు" అని మార్చేసింది.

ఈ "ద్వేషించడం" ఉత్త కోపం కాదు, అది ఆ కాలపు చట్టంలో ఒక మాట. ఈజిప్టులో ఆస్వాన్ దగ్గర నైలు నదిలో ఎలిఫాంటీన్ అనే లంక ఉంది, అక్కడ క్రీస్తుకు ముందు 5వ శతాబ్దంలో యూదు సైనికుల కాలనీ. వాళ్ల పెళ్లి ఒప్పందాలు అరామిక్‌లో పపైరస్ మీద దొరికాయి. అందులో విడాకులకు వాడిన మాటే "ద్వేషించాను". సభలో లేచి నిలబడి "నా భర్తను ద్వేషించాను" అంటే చాలు, కొంత వెండి తూచి ఇచ్చి, తను తెచ్చుకున్న సొమ్ము తీసుకుని వెళ్లిపోవచ్చు. అవును, భార్య కూడా. క్రీస్తుకు ముందు 5వ శతాబ్దంలో. మన ద్వితీయోపదేశకాండం 24లో రెండో మొగుడు ఆమెను "ఒల్లక" అని ఉంది చూశారా, అక్కడున్నదీ ఇదే హీబ్రూ క్రియ.

కాబట్టి మలాకీలో నాకు వినబడేది ఇది: కారణం లేకుండా, ఒల్లక, యౌవనంలో కట్టుకున్న భార్యను గెంటేసేవాడి మీద ఆరోపణ. పై వచనాలు చదివితే సందర్భం కూడా అదే, దేవుడు ఆ భార్య తరఫున సాక్షిగా నిలబడ్డాడు. అదే 16వ వచనం రెండో సగం ఎవరైనా చదవగా విన్నారా? "తన వస్త్రములను బలాత్కారముతో నింపుట నాకసహ్యము". హీబ్రూలో "హమాస్", హింస. ఒకే వచనం. మొదటి సగం పోస్టర్ మీద వేస్తాం, రెండో సగం గొంతులో ఆగిపోతుంది.

పౌలుకు వద్దాం, టైమ్ అయిపోతోంది. కొరింథు రోమన్ కాలనీ. రోమన్ చట్టంలో విడాకులకు కోర్టు లేదు, పత్రం కూడా తప్పనిసరి కాదు, ఇద్దరిలో ఒకరు కాపురం ముగించుకుని వెళ్లిపోతే అయిపోయినట్టే. అందుకే 7వ అధ్యాయంలో పౌలు వాడిన "ఖోరీజో", మన తెలుగులో "ఎడబాయు", కొంతకాలం వేరుగా ఉండటం కాదు. ఈజిప్టులో దొరికిన గ్రీకు ఒప్పందాల్లో ఈ క్రియ విడాకులకే వాడారు. "ఎడబాయడం వేరు, విడాకులు వేరు" అని మనం గీసే గీత ఆ క్రియలో లేదు. 15వ వచనంలో అవిశ్వాసి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, సహోదరునికైనా సహోదరికైనా "నిర్బంధము లేదు". గ్రీకులో "ఊ దెదూలోతాయ్", దాస్యంలో లేరు. దాసుడు అనే మాటలోంచి వచ్చిన క్రియ, చాలా బరువైనది. 39వ వచనంలో భర్త బ్రతికి ఉన్నంతకాలం భార్య "బద్ధురాలు" అన్నచోట వేరే క్రియ ఉంది, కట్టబడి ఉండటం. రెండు క్రియలు వేరు కాబట్టి 15వ వచనం మళ్లీ పెళ్లికి అనుమతి కాదని కొందరు వాదిస్తారు. కానీ విడుదల పొందిన మనిషి మళ్లీ పెళ్లాడొచ్చన్నది యూదుల పత్రంలోనూ, రోమన్ చట్టంలోనూ ఉన్నదే. కొరింథు సంఘంలో ఆ ఉత్తరం విన్న మనిషి "దాస్యంలో లేవు" అన్న మాటకు "అయినా కట్టుబడే ఉండు" అని అర్థం చేసుకుని ఉంటాడని నేను అనుకోలేను. 11వ వచనంలో మాత్రం విశ్వాసుల మధ్య "పెండ్లిచేసికొనకుండవలెను, లేదా సమాధానపడవలెను" అని స్పష్టంగానే ఉంది. అది నాకు అనుకూలంగా లేదని దాటవేయను.

ప్రశ్నలు రాసి పంపారు. రెండు తీసుకుంటాను.

మొదటిది, "అయ్యా, మన దేశ చట్టం ఈ వచనాల మీద ఆధారపడిందా?" నేరుగా కాదు. కానీ నీడ ఉంది. క్రైస్తవులకు వర్తించే విడాకుల చట్టం 1869లో వచ్చింది, 1857 నాటి ఇంగ్లండ్ చట్టం అచ్చులో పోసి. అందులో విడాకులకు కారణం దాదాపు ఒక్కటే, వ్యభిచారం. పోర్నేయాను వ్యభిచారంగా బిగించి చదివిన పాత చదువు అక్కడ కనబడుతుంది. భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు. భార్యకు అది చాలదు, దాంతోపాటు క్రూరత్వమో రెండేళ్లు వదిలేసిపోవడమో ఇంకోటో కూడా రుజువు చేయాలి. 2001 సవరణ వచ్చేదాకా పుస్తకంలో అదే ఉంది. ఇప్పుడు క్రూరత్వం విడిగానే కారణం, ఇద్దరి అంగీకారంతో విడిపోయే దారీ ఉంది. ఆ పక్షపాతం మత్తయిలో లేదు, ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి వచ్చింది.

రెండోది పేరు లేకుండా వచ్చింది, చేతిరాత చూస్తే ఎవరో అక్క రాసినట్టుంది. "నా భర్త విశ్వాసే, బాప్తిస్మం తీసుకున్నారు, కొడతారు. ఆయన ఇల్లు వదిలి వెళ్లలేదు. 15వ వచనం నాకు వర్తిస్తుందా?"

అమ్మా, వచనం కన్నా ముందు ఒకటి. ఈ రోజు రాత్రి ఆ ఇంట్లో ఉండటం ప్రమాదం అనిపిస్తే ఉండొద్దు. ఇక్కడే సిస్టర్స్ ఉన్నారు, మీటింగ్ అయ్యాక వాళ్లలో ఎవరితోనైనా మాట్లాడండి, 181కి ఫోన్ చేయొచ్చు, గృహహింస చట్టం మతంతో పనిలేకుండా మీకు వర్తిస్తుంది. దానికి ఏ కమిటీ పర్మిషనూ అక్కర్లేదు. ఇక వచనం. ఎడబాయడం అంటే గడప దాటడం ఒక్కటే అని ఆ గ్రీకు క్రియ చెప్పదు. అన్నం, బట్ట, కాపురం ఇవ్వకపోతేనే నిర్గమకాండం దాసిని కూడా విడిచిపెట్టమంది, చేయి చేసుకోవడం వీటికన్నా చిన్న తప్పని వాదించేవాళ్లు నాకు లేఖనంలో చూపించాలి. మలాకీలోని హమాస్ ఎవరి బట్టల మీద ఉందో మీకు తెలుసు. కొట్టేవాడు ఇంట్లోనే కూర్చుని ఉన్నా కాపురాన్ని వదిలిపోయింది అతనే అని నేను చదువుతాను. ఇది నా చదువు, ఇక్కడున్న అయ్యగార్లలో కొందరు ఒప్పుకోరు, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. ఒప్పుకోనివాళ్లు కూడా ఆమెను ఈ రాత్రి వెనక్కి పంపమని అనరనే అనుకుంటున్నాను. అనేవాళ్లుంటే మైకు ఇక్కడే ఉంది, వచ్చి చెప్పండి.